ఇద్దరు పిల్లలతో తెరిచిన బడి

మే నెల వచ్చిందంటే మా ఇంటికి పేపరు కంటే పేపరు మధ్యలో పెట్టి వచ్చే కరపత్రాలే ఎక్కువ. కిందటేడు ఒకే ఉదయం మూడు వచ్చాయి. మూడూ స్కూళ్లవే. అందులో తళతళలాడే కాగితం మీద అచ్చు వేసింది మా అవనిగడ్డలో, నాగాయలంక వెళ్లే రోడ్డు పక్కన కొత్తగా తెరవబోతున్న ప్రైవేటు స్కూలుది. మొదటి ఏడాది చేరేవాళ్లకు ఫీజులో రాయితీ, ఇంటి ముందుకే వ్యాను, ఒకటో తరగతి నుంచే కంప్యూటరు. అక్కడ గోడలకు ఇంకా సున్నం కూడా పడలేదు గానీ, కాగితం మీద మాత్రం మేడ పూర్తయిపోయి జెండా ఎగురుతోంది!

మా పాపను ఒకటో తరగతిలో చేర్చాల్సిన ఏడు అది. మావారికి సెంటర్లో చిన్న ఎరువుల కొట్టు ఉంది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఇద్దరి సంపాదనా కలిపితే ఆ ఫీజు కట్టలేనిదేమీ కాదు. ఊళ్లోనే ఉంది, పిల్లలు తక్కువమంది ఉన్నప్పుడే చేరితే బాగా చూస్తారని మావారు దానివైపు మొగ్గారు. వీధి చివరి మండల పరిషత్ బడికి ఏం తక్కువని మా అత్తయ్య అడిగారు. నాకు మాత్రం ఎటూ పాలుపోలేదు.

కొత్త స్కూలుతో ఒకసారి చేతులు కాల్చుకున్నవాళ్లం మరి. మేం వేరే ఊళ్లో ఉన్నప్పుడు బాబును అలాగే కొత్తగా తెరిచిన ఒక స్కూల్లో వేశాం. రెండో ఏడు దసరా సెలవులకు మూసిన గేటు మళ్లీ తెరవలేదు. టీసీ కోసం తిరిగితే, దానికి గుర్తింపే లేదనీ, మావాడి పేరు ఇంకెక్కడో మరో స్కూలు రిజిస్టర్లో ఉందనీ తెలిసింది. ఆ కాగితం చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ బాబు ఇంట్లోనే ఉన్నాడు.

తమాషా ఏమిటంటే, మా అవనిగడ్డ టీచర్లను తయారుచేసే ఊరు. డీఎస్సీ పరీక్షకు చదువుకునేవాళ్లు రాష్ట్రం నలుమూలల నుంచీ ఇక్కడికి వస్తారు. గదులు అద్దెకు తీసుకుని, పొద్దున్నే పుస్తకాలు పట్టుకుని తిరుగుతుంటారు. ఇంతమంది కాబోయే మాస్టర్ల మధ్య ఉండి, నా బిడ్డను ఎవరికి అప్పగించాలో తెలియక నేను మథనపడ్డాను.

మనసు తేలక, పాపను తీసుకుని రెండు రోజులకని బందరులో ఉన్న మా నాన్నగారి దగ్గరికి వెళ్లాను. ఆయన నోబుల్ కాలేజీ పాత విద్యార్థి. చేర్చమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మర్నాడు పొద్దున నన్ను ఆ కాలేజీ వైపు నడిపించుకుపోయి, ఇది కూడా ఒకప్పుడు కొత్తగా తెరిచిన ప్రైవేటు బడేనని చెప్పి, దాన్ని తెరిచిన మనిషి కథ మొదలుపెట్టారు. బందరు చుట్టుపక్కల నోబుల్ అన్న పేరు వినని ఇల్లు ఉండదు. కానీ ఆ పేరు వెనకాల మనిషి ఎవరో నాకు అప్పటిదాకా తెలియదు. మీలోనూ చాలామందికి తెలిసి ఉండకపోవచ్చు. అందుకే నాన్నగారు చెప్పిందీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ మీకు చెబుతున్నాను.

బందరులో దిగిన దొర

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1809లో ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో ఒక పల్లెటూళ్లో పుట్టారు. తండ్రి ఆ ఊరి చర్చిలో గురువు. నోబుల్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఆ రోజుల్లో అంత చదువు చదివితే సొంత దేశంలోనే సుఖంగా బతకొచ్చు. ఆయన మాత్రం 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున ఓడెక్కారు. తోడు హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే ఇంకో యువకుడు. ఆయనది ఆక్స్‌ఫర్డు చదువు. ఇద్దరూ మద్రాసులో దిగి, అక్కణ్ణుంచి బందరు చేరారు.

అప్పటికి బందరు వైభవం చాలావరకు తగ్గిపోయింది. ఊళ్లో పేటల పేర్లు చూస్తేనే దాని పాత కథ తెలుస్తుంది. డచ్చివాళ్లు ఉన్నచోటు వలందపాలెం, ఫ్రెంచివాళ్లు ఉన్నచోటు పరాసుపేట, ఇంగ్లీషువాళ్లది ఇంగ్లీషుపాలెం. కలంకారీ బట్టలు ఓడల్లో దేశదేశాలకు పోయిన రేవు అది. కుంఫిణీ రాజ్యం వచ్చాక ఆ వ్యాపారం సన్నగిల్లింది. దానికి తోడు 1833 నాటి కరువు ఈ ప్రాంతాన్ని పీల్చి పిప్పి చేసింది. గుంటూరు సీమలో దాన్నే డొక్కల కరువు అన్నారు. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది 1855లో. అంటే నోబుల్ వచ్చేటప్పటికి, మనం ఇప్పుడు చూసే ఆనకట్ట కాలువలూ వాటి కింద పచ్చటి చేలూ ఇంకా లేవన్నమాట.

ఇద్దరు స్నేహితులూ పని పంచుకున్నారు. ఫాక్స్ ఊరూరా తిరిగి తమ మతం చెప్పాలి. నోబుల్ బందరులో బడి పెట్టాలి. ఫాక్స్‌కు ఇక్కడి ఎండలు పడలేదు. ఆరోగ్యం చెడి ఇంగ్లండు తిరిగి వెళ్లి 1848లో చనిపోయారు. నోబుల్ మాత్రం ఇక్కడే ఉండిపోయారు.

ఆయన వచ్చీ రాగానే బడి తెరవలేదు. ముందు రెండేళ్లు కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. నాన్నగారు ఈ మాట దగ్గర ఆగి నా మొహంలోకి చూశారు. గోడలకు సున్నం పడకముందే కరపత్రం పంచడం గుర్తొచ్చి నేను నవ్వేశాను.

ఇంగ్లీషు తీసుకుని మిగతాది వదిలేద్దామని

1843 నవంబరులో బడి తెరిచారు. మొదట్లో చేరిన పిల్లలు ఇద్దరే!

అప్పటిదాకా పిల్లల చదువంటే వీధి అరుగు మీదే. పంతులు గారు ఇసకలో అక్షరాలు దిద్దించేవారు. ఎక్కాలు, శతకాలు, లెక్క చూసుకోవడం వస్తే చాలు. జీతం కింద బియ్యమో కూరగాయలో ఇచ్చేవారు. పంతులు ఎవరో, ఎవరి అబ్బాయో ఊరందరికీ తెలుసు. అలాంటి ఊళ్లో, రంగూ భాషా మతమూ వేరైన ఒక దొర వచ్చి మీ పిల్లల్ని నాకు ఇవ్వండంటే ఎవరిస్తారు చెప్పండి?

అయినా ఇచ్చారు. కారణం ఇంగ్లీషు. 1844 అక్టోబరులో గవర్నర్ జనరల్ హార్డింజ్, ప్రభుత్వ కొలువుల్లో ఇంగ్లీషు చదివినవాళ్లకు ముందు చోటివ్వాలని తీర్మానం చేశారు. బడి తెరిచి ఏడాది కూడా కాలేదు. కచేరీలో గుమాస్తా పని దొరికితే ఇంటిల్లిపాదీ గట్టెక్కుతారు. ఒక్కొక్కరే పిల్లల్ని పంపడం మొదలుపెట్టారు. బడి పెరిగింది.

నోబుల్ ఒక్క విషయంలో దాపరికం లేకుండా ఉన్నారు. తన బడిలో రోజూ బైబిలు పాఠం ఉంటుంది. ఇష్టమైతే పంపండి, లేకపోతే లేదు. ఆయన సొంత దేశం వదిలి వచ్చిందే అందుకు. ఇంగ్లీషు, లెక్కలు, భూగోళం ఆయనకు దారి మాత్రమే. ఇది తల్లిదండ్రులకు తెలియదా? తెలుసు. తెలిసే పంపారు. కుర్రాడు ఇంగ్లీషు నేర్చుకుంటాడు, మిగతాది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు, సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటే సరి అనుకుని ఉంటారు. వాళ్లను తప్పు పట్టలేను. నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఆ బడి అందరిదీ కాదు. అగ్రకులాల మగపిల్లలూ, ముస్లిం కుర్రాళ్లూ మాత్రమే అక్కడ చదివేవారు. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టినవాళ్ల పిల్లల్ని చేర్చుకుంటే మిగతావాళ్లు లేచిపోతారని నోబుల్ వాళ్లను చేర్చుకోలేదు. మనుషులంతా ఒకటేనని చెప్పడానికి వచ్చిన మనిషి, బడి నిలబడాలని ఆ మాట దగ్గరే రాజీపడ్డారు. ఇందుకు ఆయన్ని ఆయన తోటి మిషనరీలే తప్పుపట్టారు. ఇక ఆడపిల్లలంటారా, ఆ బడిలో మనకు చోటే లేదు. అదే ఊళ్లో షార్కీ అనే మరో మిషనరీ, ఆయన భార్య కలిసి ఆడపిల్లల కోసం వేరే వసతి బడి నడిపారు.

ఖాళీ అయిన బడి

తొమ్మిదేళ్లు గడిచాయి. 1852లో బందరు అట్టుడికిపోయింది. నోబుల్ దగ్గర చదువుతున్న ఇద్దరు కుర్రాళ్లు, మంచాల రత్నం, ఐనాల భూషణం, ఇళ్లు విడిచి దొర బంగళాకు వెళ్లారు. క్రైస్తవం తీసుకుంటామన్నారు. బంధువులు వెళ్లి బతిమాలారు. జనం పోగయ్యారు. వాళ్లు మాత్రం మనసు మార్చుకోలేదు. బాప్తిస్మం అయిపోయింది. మర్నాటి నుంచి బడికి పిల్లలు రావడం మానేశారు. బడి ఖాళీ అయినంత పనయింది.

నాన్నగారు ఈ కథను దొర వైపు నుంచి చెబుతున్నారు గానీ, నా మనసంతా ఆ ఇద్దరి తల్లుల దగ్గరే ఉండిపోయింది. వాళ్ల పేర్లు నాకు ఎక్కడా కనబడలేదు. పొద్దున తలకు నూనె రాసి, చద్దన్నం పెట్టి పంపిన కొడుకు సాయంత్రం గుమ్మంలోకి రాకపోతే ఆ తల్లి ఎవరిని అడగాలి? కన్నకొడుకు పక్కవీధిలో బతికి ఉండగానే పోయినవాడితో సమానం అని కులం తీర్మానిస్తే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగించుకుని ఉంటారు? ఆ కుర్రాళ్ల వైపు నుంచీ ఆలోచించాను. వాళ్లు చిన్నపిల్లలేమీ కాదు. చదివారు, ఆలోచించుకున్నారు, తమకు నిజమని తోచినదాని కోసం ఇల్లూ ఆస్తీ కూడా వదులుకున్నారు. తర్వాత 1864లో ఇద్దరూ క్రైస్తవ గురువులయ్యారు. అదే బడి నుంచి జానీ అలీ అనే ముస్లిం కుర్రాడు కూడా తర్వాత ఆ మతంలోకి వెళ్లి, ఇంగ్లండులో కేంబ్రిడ్జిదాకా చదివి వచ్చాడు.

ఎవరిది ఒప్పో ఎవరిది తప్పో తేల్చే పని నాది కాదు. నన్ను ఆపింది ఒక్కటే. ఆ తల్లిదండ్రులు బడి దగ్గర సగమే తీసుకుందామనుకున్నారు. పిల్లలు మొత్తం తీసుకున్నారు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. మూతపడిన ఆ స్కూల్లో బాబు చదివిన రోజుల్లో, తెలుగులో మాట్లాడితే రూపాయి జరిమానా ఉండేది. మంచిదేలే, ఇంగ్లీషు త్వరగా వస్తుందని నేనూ ఊరుకున్నాను. ఇంగ్లీషు కొంచెం వచ్చింది కూడా. ఒకరోజు మా అత్తయ్య వాణ్ణి తీసుకురావడానికి గేటు దగ్గరికి వెళ్లి, ఎప్పటిలాగే ఒరే నాయనా అని గట్టిగా పిలిచారట. ఆ రాత్రి వాడు నా దగ్గరికి వచ్చి, రేపటినుంచి మామ్మను పంపొద్దని మెల్లిగా చెప్పాడు. పక్కగదిలో ఆవిడ విన్నారు. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి వెళ్లడం మానేశారు. ఆ స్కూలు మూతపడినందుకు రెండు నెలలు బాధపడ్డాను. ఇది జరిగి ఏళ్లు గడిచినా ఇంకా బాధపడుతూనే ఉన్నాను. వాడికి ఆ సిగ్గు పాఠం ఎవరూ చెప్పలేదు. ఫీజు రసీదులో కూడా లేదు. అయినా నేర్చుకున్నాడు.

కదలని మనిషి

ఖాళీ అయిన బడిని నోబుల్ మూసెయ్యలేదు. ఊరు మారలేదు. బైబిలు పాఠం తీసేస్తానని చెప్పి పిల్లల్ని వెనక్కి రప్పించుకోనూ లేదు. ఉన్న కొద్దిమందికే పాఠాలు చెబుతూ కూర్చున్నారు. నెమ్మదిగా మళ్లీ పిల్లలు వచ్చారు. తిట్టిపోసిన ఊరే మళ్లీ ఎందుకు పంపింది? ఉద్యోగాల ఆశ ఉంది, నిజమే. నాకు ఇంకో కారణం కూడా తోచింది. ఆయన ఏం చెయ్యాలనుకుంటున్నారో ఊరికి ముందే తెలుసు. చెప్పినదానికి భిన్నంగా ఏదీ చెయ్యలేదు. పాఠం బాగా చెబుతారన్న పేరుంది. రేపు పొద్దున కూడా ఇక్కడే ఉంటారన్న నమ్మకం ఉంది. ఆయనతో పోట్లాడవచ్చు గానీ, ఆయన మోసం చేశారని అనడానికి లేదు.

ఆయన పెళ్లి చేసుకోలేదు. బందరు వచ్చాక ఒక్కసారి కూడా సొంత ఊరు చూసి రాలేదు. ఇరవై నాలుగేళ్లు! ఆ రోజుల్లో చాలామంది దొరలు ఎండ పడక మధ్యలో ఒకసారైనా స్వదేశం వెళ్లి వచ్చేవారు.

ఉప్పెన వచ్చిన రాత్రి

1864 నవంబరు 1 రాత్రి బందరు మీద ఉప్పెన పడింది. ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి ముప్పై వేలమంది దాకా పోయారని లెక్క. షార్కీ దంపతుల వసతి బడిలోని ఆడపిల్లలు చాలామంది ఆ నీళ్లలో కొట్టుకుపోయారు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు!

ఇది విన్నప్పుడు నాకు మా అత్తయ్య గుర్తొచ్చారు. నూట పదమూడేళ్ల తర్వాత, 1977 నవంబరు 19న ఉప్పెన మా దివిసీమ మీదికి వచ్చింది. పదివేలమంది దాకా పోయారు. అత్తయ్యకు అప్పుడు పదిహేడేళ్లు. ఆ రాత్రి ఆవిడ తమ్ముడు పోయాడు. అందుకే ఏ కొత్త మేడ చూసినా ఆవిడ అడిగే ప్రశ్న ఒక్కటే. నీళ్లొస్తే పైకి ఎక్కడానికి మెట్లు ఎటువైపు ఉన్నాయి? మేం నవ్వేవాళ్లం. ఇక నవ్వను.

ఉప్పెన తర్వాత నోబుల్ ఏడాది మాత్రమే బతికారు. 1865 అక్టోబరు 17న బందరులోనే కన్నుమూశారు. అరవై ఏళ్లు కూడా నిండలేదు. ఈ ఊరి మట్టిలోనే కలిసిపోయారు. బడి ఆయనతో ఆగిపోలేదు. జాన్ షార్ప్ అనే ఆయన పగ్గాలు పట్టారు. తర్వాత బడి కాలేజీ అయ్యింది. దానికి నోబుల్ పేరే నిలిచింది. ఇప్పటికీ నడుస్తోంది.

శిష్యులు తెరిచిన ఇంకో బడి

కథ ఇక్కడితో అయిపోయిందనుకుని లేవబోయాను. అసలు చమత్కారం ఇప్పుడే ఉందని నాన్నగారు కూర్చోబెట్టారు.

నోబుల్ పోయిన చాలా ఏళ్లకు ఆ కాలేజీలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు పాఠాలు చెప్పారు. బ్రహ్మసమాజం మనిషి. ఆ కాలేజీలో చదివి, ఆయన ప్రభావంలో పెరిగిన ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, వాళ్లతోపాటు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో బందరులో ఇంకో కొత్త బడి తెరిచారు. అదే ఆంధ్ర జాతీయ కళాశాల. ఇంగ్లీషు దొరల చదువు మనల్ని గుమాస్తాలుగా తయారుచేస్తోందని వాళ్ల బాధ. తెలుగు చదువుతోపాటు వడ్రంగం, నేత, చిత్రలేఖనం నేర్పారు. హనుమంతరావు గారు వకీలు చదువు చదివి, సంపాదన వదులుకుని ఆ బడికే అంకితమై 1922లో పోయారు. మన జెండాకు రూపం దిద్దిన పింగళి వెంకయ్య గారు అక్కడ పనిచేశారు. అడివి బాపిరాజు గారు అక్కడే బొమ్మలు వేయడం నేర్చుకున్నారు.

మళ్లీ అదే ఊరు, మళ్లీ కొత్త బడి, మళ్లీ తల్లిదండ్రులకు అదే తలనొప్పి! నోబుల్ బడికి పంపితే ఉద్యోగం వస్తుంది, పిల్లవాడు మనవాడుగా ఉంటాడో ఉండడో. జాతీయ కళాశాలకు పంపితే పిల్లవాడు మనవాడుగానే ఉంటాడు, సర్కారు ఉద్యోగం మాత్రం రాదు. ఈ రెండో బడివాళ్లు కూడా తమకేం కావాలో దాచుకోలేదు.

నాన్నగారు అంతకుమించి ఏమీ చెప్పలేదు. పాపకు జీళ్లు కొనిపెట్టి మమ్మల్ని బస్సెక్కించారు. చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ వచ్చేసరికి నాకు అడగాల్సిన ప్రశ్నలు తెలిసిపోయాయి.

నేను అడిగిన ప్రశ్నలు

మర్నాడు మావారిని వెంటబెట్టుకుని ఆ కొత్త స్కూలుకు వెళ్లాను. తాపీ పని జరుగుతోంది. ఆ స్కూలు పెడుతున్నాయన ఇటుకల మధ్య కుర్చీ వేయించారు.

మొదటిది గుర్తింపు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం గుర్తింపు పత్రం లేకుండా ఏ ప్రైవేటు బడీ నడపకూడదు. గుర్తింపు వచ్చిన బడికి యూడైస్ అని పదకొండు అంకెల నంబరు ఉంటుంది. ఆ రెండూ చూపించమన్నాను. ఫైలు బందరులో ఆఫీసులో ఉందన్నారాయన. అది వచ్చాకే చేరుస్తామన్నాను. చేర్చుకోవడానికి పిల్లకు పరీక్ష పెడతారా అని అడిగితే, చిన్న ఇంటర్వ్యూ అన్నారు. పిల్లకైనా తల్లిదండ్రులకైనా అలాంటి వడపోత కూడదని అదే చట్టంలో ఉందని చెప్పాను. ఆయన నన్ను కొత్తగా చూశారు. మావారు కూడా!

రెండోది టీచర్లు. ఐదో తరగతిలోపు ముప్పైమంది పిల్లలకు ఒక టీచరు ఉండాలని చట్టం. ఎంతమందిని తీసుకుంటున్నారు, ఏం చదివారు, డీఎస్సీ పిలుపు వస్తే మధ్యలో వెళ్లిపోయేవాళ్లా? మా ఊళ్లో ఈ ప్రశ్న అడగకపోతే తప్పు. కొందరు వెళ్లొచ్చని ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం నాకు నచ్చింది.

మూడోది మెట్లు. ఇది అత్తయ్య తరఫున. రెండు వైపులా ఉన్నాయి. ఎక్కి చూశాను.

నాలుగోది అడగడానికే నేను అంతదూరం వెళ్లాను. పాఠాలు కాక మా పిల్లకు ఇంకేం నేర్పాలనుకుంటున్నారు? ఆయనకు వెంటనే అర్థం కాలేదు. ర్యాంకులు, క్రమశిక్షణ, పోటీ పరీక్షలు అంటూ చెప్పుకుపోయారు. తెలుగులో మాట్లాడితే ఏం చేస్తారని సూటిగా అడిగాను. కొంచెంసేపు మాట్లాడలేదు. ఇంగ్లీషు మాట్లాడమని ప్రోత్సహిస్తాం గానీ జరిమానాలు ఉండవన్నారు. పిల్లల్ని కొట్టడమే కాదు, మనసు నొప్పించడం కూడా చట్టంలో నిషేధమేనని గుర్తుచేశాను. ఆయన మాట సగం నమ్మాను.

చివరగా, రోజూ మీరు ఇక్కడే ఉంటారా అని అడిగాను. ఉంటానన్నారు. పొద్దున గేటు దగ్గర తానే నిలబడతానన్నారు. నోబుల్ దొర సంగతి ఆయనకు చెప్పలేదు. మనసులో మాత్రం లెక్క రాసుకున్నాను.

మే నెలాఖరుకు గుర్తింపు ఉత్తర్వు వచ్చింది. నంబరు రాసుకుని మండల విద్యాధికారి ఆఫీసులో సరిచూసుకున్నాను. అప్పుడు చేర్చాం. జూన్‌లో బడి తెరిచిన రోజు ఒకటో తరగతిలో మా పాపతో కలిపి పద్నాలుగుమంది. ఎదురు చూడకుండా సర్కారు బడిలోనే వేసి ఉండాల్సిందని అత్తయ్య ఇప్పటికీ అంటారు. కాదనడానికి నా దగ్గర రుజువేమీ లేదు. 1843లో ఆ మొదటి ఇద్దరు పిల్లల్ని పంపిన ఇళ్లలో కూడా ఇలాగే ఒక మామ్మ అని ఉంటుంది. ఎవరో ఒకరు ముందు పంపాలి కదా. పంపినవాళ్లు కళ్లు తెరుచుకుని ఉండాలి, అంతే.

సాయంత్రం పాప వచ్చాక పాఠాల సంగతి తర్వాత అడుగుతాను. ఈరోజు టీచరు ఎవరిని మెచ్చుకున్నారు, ఎందుకు? ఎవర్ని నిలబెట్టారు? ఎవరి పక్కన ఎవరూ కూర్చోలేదు? మార్కుల పుస్తకంలో కనబడని చదువంతా ఈ జవాబుల్లో బయటపడుతుంది. పాపను బడి నుంచి తీసుకొచ్చే పని మాత్రం అత్తయ్యకే అప్పగించాం. మొదట ఆవిడ ఒప్పుకోలేదు. గేటుకు దూరంగా, చెట్టు కింద నిలబడేవారు. ఒకరోజు మా బాబే సైకిలు మీద వచ్చి, మామ్మ చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్లాడట. వాడు నాతో ఆ మాట చెప్పలేదు. పాప చెప్పింది.

ఏడాది కావస్తోంది. ఇద్దరు టీచర్లు మారారు. గోడలకు రంగులు పడ్డాయి. ఈ మే నెలలో వచ్చిన కరపత్రంలో పచ్చిక ఇంకా ఎక్కువైంది. నేను కరపత్రం చదవడం మానేశాను. పొద్దున వ్యాను ఎక్కించకుండా నేనే నడిపించుకుపోతున్నాను. ఆయన గేటు దగ్గర ఉన్నారా లేదా అని రోజూ చూసి వస్తున్నాను.